గీతకు అటూ ఇటూ

బెంగళూరు చుట్టుపక్కల చిన్న పట్టణాలు చూడటానికి ఎవరూ సెలవు పెట్టరు. పెడితే కొడగు కొండలకు పోతారు, గోకర్ణ పోతారు. నేను దొడ్డబళ్ళాపుర, దేవనహళ్ళి, హొసకోటె, సర్జాపుర చూడటానికి సెలవు పెట్టాను. తిరిగొచ్చాక ఆఫీసులో ఎవరూ ఎలా ఉందని అడగలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా ఆఫీసు మహదేవపురలో. రోడ్లు, రైళ్ళు ఎటు పోవాలో ప్రభుత్వాలకు సలహా చెప్పే పని మాది. నగరంలోకి రాకుండా, దూరంగా చుట్టి, ఈ పట్టణాలన్నిటినీ కలుపుతూ పోయే ఒక పెద్ద కారిడార్ మీద చాలాకాలంగా పనిచేస్తున్నాం. కారిడార్ అంటే రోడ్డు ఒక్కటే కాదు. వేగంగా పోయే బండ్ల దారి, బస్సులకు వేరే వరస, రేపెప్పుడో రైలు వేసుకోవడానికి మధ్యలో వదిలే ఖాళీ నేల, అన్నీ కలిసిన వెడల్పాటి పట్టీ. దాన్ని ఏ సూత్రాల మీద వేయాలో చెప్పే అధ్యాయం రాయడం నా వంతు.

ఊరిని ఊరితో కలపాలి, ప్రతి ప్రయాణమూ నగరం మీదుగా పోనక్కరలేదు అని మొదట రాశాను. చేరవేయాల్సింది బండ్లను కాదు, మనుషులను అని తర్వాత రాశాను. చెరువుల గురించి, వాటికి నీళ్ళు తెచ్చే కాలువల గురించి కూడా తేలిగ్గానే రాశాను. "స్థానికుల రాకపోకలకు వీలైనంతవరకు ఆటంకం కలగకూడదు" అన్న దగ్గర మాత్రం ఆగిపోయాను. బండ్లు వేగంగా పోవాలంటే ఆ పట్టీని దాటే చోట్లు తక్కువ ఉండాలి. చుట్టుపక్కల జనం బతకాలంటే ఎక్కువ ఉండాలి. "వీలైనంతవరకు" అన్న మాట రాసేసి తప్పించుకున్నట్టు అనిపించింది.

వెళ్ళి చూసొస్తానంటే మా బృందం పెద్ద శ్రీధర్ గారు నవ్వారు. "ఉపగ్రహం ఫొటోల్లో చెట్టు చెట్టూ కనబడుతోంది కదా వనజా, ఇంకా ఏం చూస్తారు?" అన్నారు. తోడు వస్తానన్న అమ్మాయి చివరి రోజు బాబుకు జ్వరమని మానుకుంది. ఒక్కదాన్నే బస్సెక్కాను. మనుషులను చేరవేయాలని రాసినవాళ్ళం ఎవ్వరమూ ఆ దారిలో ఎప్పుడూ బస్సెక్కలేదు మరి.

ఒక్కదాన్నే ఉండటం నాకు కొత్త కాదు. ఒంగోలు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే పడిపోయాను. పెళ్ళి కొన్నాళ్ళు ఉండి పోయింది. బ్రూక్‌ఫీల్డ్‌లో ఫ్లాటు. ఎదురింటి తలుపు మీద పేరు చదవడమే గాని ఆ పేరుగల మనిషితో మాట్లాడింది లేదు.

మగ్గాల వీధి

దొడ్డబళ్ళాపురలో బస్సు దిగి పాత వీధుల్లోకి నడిస్తే ముందు చెవులు పోతాయి. ప్రతి ఇంట్లో కరెంటు మగ్గాలు. గోడలు కూడా అదురుతుంటాయి. ఆ చప్పుడులో నాకు తెలుగు మాట వినబడింది. ఒక గుమ్మంలో యాభై ఏళ్ళావిడ పట్టు దారం చుట్టలు సర్దుతూ లోపల ఎవరినో కేకలేస్తోంది. నేనూ తెలుగులో పలకరిస్తే పనాపి పైకీ కిందికీ చూసింది.

"ఆంధ్రా పక్కనించి వొచ్చినావా?" అని అరిచింది. మగ్గాల మధ్య పుట్టి పెరిగినవాళ్ళు మామూలు మాట కూడా అరిచే చెబుతారు.

"ఒంగోలండీ. మీదెక్కడ?"

"మాది ఇదే ఊరప్పా. మా తాతలకి తాతలు ఈడే ఉండారు. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడము. నీ తెలుగు సినిమా తెలుగు మాదిరి ఉండాది."

పేరు సరోజమ్మ అని చెప్పింది. నేసిన చీరలు మూట కట్టి బస్సులో బెంగళూరు పేటకు పంపుతారట. దేవనహళ్ళి పక్కనే కదా, అక్కడికి పోరా అని అడిగాను. "ఆ పక్క బస్సు యాడుండాది? బెంగళూరికి అయితే నిలబడేలోపల వొస్తాది. పక్కూరికి పోవాలంటే కూకోని కూకోని బేజారు" అంది.

అంతలో కరెంటు పోయింది. వీధి వీధంతా ఒక్కసారిగా మూగబోయింది. ఎదురింటి నుంచి ఇద్దరు, పక్కింటి నుంచి ముగ్గురు, దారం పోగులు ఒంటికంటుకుని బయటికొచ్చారు. అరుగుల మీద కూర్చున్నారు. ఒకామె నాకు వక్కపొడి పెట్టింది. ఇంకొకామె మా ఆయనేం చేస్తాడని అడిగింది. "హైదరాబాదులో ఉన్నారు" అన్నాను. అది నిజమే, ఆయన అక్కడే ఉన్నాడు. నాకెందరు పిల్లలని సరోజమ్మ అడగబోతుండగా కరెంటు వచ్చింది. అడుగుతున్న మాట అలాగే వదిలేసి ఆవిడ లోపలికి పరుగెత్తింది. అందరూ పరుగెత్తారు. రెప్పపాటులో వీధి మళ్ళీ అదరడం మొదలైంది. అరుగు మీద నేనొక్కదాన్నే, నోట్లో వక్కపొడితో.

దేవనహళ్ళిలో ఒక ఫొటో

పక్కూరి బస్సు సంగతి సరోజమ్మ చెప్పినట్టే ఉంది. నా కళ్ళ ముందే బెంగళూరు బస్సులు వరసగా వచ్చాయి, నిండాయి, పోయాయి. నేను ఎక్కాల్సిన బస్సు మాత్రం వస్తుందో రాదో డిపో ఉద్యోగి కూడా చెప్పలేకపోయాడు. బండి చక్రంలా చూస్తే బెంగళూరు నుంచి బయల్దేరే ఆకులున్నాయి, చుట్టూ కట్టు లేదు. మేం వేయబోయేది ఆ కట్టే అని నాకు నేను చెప్పుకుంటూ ఎండలో కూర్చున్నాను.

దేవనహళ్ళిలో లాడ్జి అతను నా ఆధార్ కార్డు చూసి, నన్ను చూసి, నా వెనక చూశాడు. "ఒబ్బరేనా?" అన్నాడు కన్నడంలో. ఒక్కదాన్నే అన్నాను. గది ఇచ్చాడు గాని, తాళం చేతికిచ్చేదాకా గుమ్మం వైపే చూశాడు, ఇంకెవరైనా వస్తారేమోనని.

ఆ ఊరి పంపరపనసకు పెద్ద పేరు. ఇక్కడ చకోత అంటారు. మా వైపు వాటికి పుల్లటి చేదే ఎక్కువ, ఇక్కడిది తియ్యగా ఉంటుంది. ఒక పండు కొన్నాను. తలకాయంత ఉంది. ఒలిచాక తెలిసింది, అది ఒక్క మనిషి తినే పండు కాదని. సగం తిని, మిగతాది లాడ్జి అతనికి ఇస్తే మొహమాటపడుతూ తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున ఇడ్లీలు తినేచోట ఒక కుటుంబం నా బల్ల దగ్గరే కూర్చుంది. మా ఆఫీసు కింద ఒక్క కాఫీకి ఇచ్చే డబ్బులతో అక్కడ ఇద్దరు కడుపునిండా తినొచ్చు. వాళ్ళు ఫోను నా చేతికిచ్చి ఫొటో తీయమన్నారు. తాత, మామ్మ, కొడుకు, కోడలు, చంటిది. నెత్తి మీద విమానం పోతుంటే చంటిది పైకి చూసింది. మళ్ళీ తీశాను. ఈసారి అందరూ ఇటే చూశారు. వాళ్ళు ఫోను తీసుకుని, ఫొటో బాగుందని మెచ్చుకుని వెళ్ళిపోయారు. నా ఫోనులో మాత్రం ఆ రోజుకి రోడ్ల ఫొటోలే ఉన్నాయి.

తెల్లవారుజాము బిర్యానీ

హొసకోటెలో చీకటి ఉండగానే బిర్యానీ తింటారంటే మా ఒంగోలువాళ్ళు నమ్మరు. నేనూ నమ్మక వెళ్ళాను. చలి కొరికేస్తోంది. రోడ్డు పక్కన కార్లు, మోటారు సైకిళ్ళు, పొగలు కక్కే డేగిశాలు. వరసలో నిలబడ్డవాళ్ళలో సగం మంది బెంగళూరు నుంచి వచ్చినవాళ్ళే. నా ముందు నలుగురు తెలుగు కుర్రాళ్ళు.

"మేడమ్, మీరు తెలుగేనా? సోలో ట్రిప్పా? సూపర్ అసలు!" అన్నాడు ఒకతను. బెళ్ళందూరులో ఉంటారట, మా ఆఫీసుకు రెండు భవనాల అవతలే ఉద్యోగం. "మా టీమ్ వీకెండ్ ప్లాన్ ఇదే మేడమ్. డ్రైవ్ చేసుకొని రావడం, తినడం, ఇంటికెళ్ళి క్రాష్ అయిపోవడం."

"ఈ ఊళ్ళో ఇంకేం చూశారు?" అన్నాను.

వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "ఈ ఊళ్ళో చూసేదేముంది మేడమ్?"

ఆకులో వేడి బిర్యానీ పెట్టిచ్చారు. నిలబడే తిన్నాను. బాగుంది, చాలా బాగుంది. బాగుందని చెబుదామని తలెత్తేసరికి కుర్రాళ్ళ కారు కదిలిపోతోంది. కిటికీలోంచి చెయ్యి ఊపారు.

పేరు రాయని ఊరు

మూడో రోజు జరిగింది చెబుతాను గాని ఊరి పేరు రాయను. మా కారిడార్ గీత ఇంకా ఖాయం కాలేదు. భూముల దళారులకూ చదువొచ్చు.

హొసకోటె నుంచి సర్జాపుర వైపు పోయే బస్సులో కునుకు పట్టింది. కండక్టరు ఏదో పేరు అరిస్తే నేను దిగాల్సిన ఊరే అనుకుని దూకేశాను. బస్సు పోయాక చూస్తే ఒక బోర్డు, ఒక మూసిన కొట్టు, చుట్టూ పొలాలు. రోడ్డు మీద కోసిన రాగి కంకులు పరిచి ఉన్నాయి. వచ్చేపోయే బండ్లు తొక్కితే గింజ రాలుతుందని ఇక్కడి రైతులు అలా పరుస్తారు. వాటి మీద జాగ్రత్తగా నడవబోతే చెప్పు వారు పుటుక్కున తెగింది.

ఆ చెప్పు చేత్తో పట్టుకుని నిలబడి ఉండగా నీలగిరి చెట్ల లోంచి ఒకావిడ వచ్చింది. అరవైకి దగ్గరగా ఉంటుంది. తల మీద కొంగు, చేతిలో చిన్న పాల క్యాను. నా కాళ్ళు చూసి కన్నడంలో ఏదో అంది. నేను తడబడితే తెలుగులోకి మారిపోయింది.

"తెలుగమ్మవా? యాడికి పోవల్ల నువ్వు?"

"సర్జాపురమ్మా. ముందే దిగేశాను."

"ఇంగ బస్సు సాయంత్రమే. ఎండలో నిలబడితే ఏమొస్తాది? మా అక్క ఇల్లు ఈడనే. సూదీ దారమూ ఉండాది. రా."

ఆవిడ పేరు మునెమ్మ. వెనకాలే నడిచాను. చెట్ల మధ్య మనిషి వెడల్పు మాత్రమే ఉన్న కాలిబాట. ఎన్నేళ్ళ నుంచి నడుస్తున్నారో గాని నేల నున్నగా, సిమెంటు చేసినట్టుంది. మధ్యలో ఆగి, ఆనవాలు కోసం దూరంగా ఉన్న చెరువు కట్టను, కరెంటు స్తంభాల వరసను చూశాను. ఆ వరస నాకు తెలుసు. మేం గీసిన గీతల్లో ఒకటి ఆ బాట మీదుగా, దానికి అడ్డంగా పోతుంది.

పితికిపప్పు

అక్క పేరు నంజమ్మ. మునెమ్మ కన్నా ఏడెనిమిదేళ్ళు పెద్దది. అక్కాచెల్లెళ్ళను పక్కపక్క పల్లెలకు ఇచ్చారు. ఇద్దరి భర్తలూ పోయారు. నంజమ్మ కొడుకు ఏదో టెక్ పార్కులో సెక్యూరిటీ, పొద్దున పోతే చీకటిపడ్డాకే. నంజమ్మకు మోకాళ్ళు వంగవు, గుమ్మం దాటి ఎక్కువ దూరం పోలేదు. అందుకని రోజూ మధ్యాహ్నం చెల్లెలే ఆ బాట మీద వస్తుంది, పాలు తెస్తుంది. ఇద్దరూ కలిసి తింటారు, పొద్దు వాలేదాకా మాట్లాడుకుంటారు, మునెమ్మ తిరిగి పోతుంది.

"ఎవురే ఇది?" అంది నంజమ్మ నన్ను చూసి.

"చెప్పు తెగె. ఒక్కతే ఉండాది, పిలుచుకోనొచ్చితి."

"మీ ఆయన?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "విడిపోయాం పెద్దమ్మా."

మా ఊళ్ళోనైతే ఆ మాట తర్వాత కాసేపు నిశ్శబ్దం ఉంటుంది, ఆ తర్వాత ప్రశ్నలుంటాయి. నంజమ్మ "అట్లనా" అని, "కాళ్ళు కడుక్కో, అన్నము తిందువు" అంది. అంతే.

రాగి ముద్ద, అనపగింజల పితికిపప్పు. గింజల్ని రాత్రంతా నానబెట్టి ఒక్కొక్కటీ వేళ్ళతో నొక్కి తోలు తీస్తారు. ఆ పని చేసేటప్పుడు అక్కాచెల్లెళ్ళకు బోలెడు మాటలు నడుస్తాయట. నేను ముద్దను నమలబోతే మునెమ్మ పకపకా నవ్వింది. "మింగల్ల, నమిలితే గొంతు దిగదు." నంజమ్మ కూర్చున్న చోటు నుంచే గరిటె చాపి నా పళ్ళెంలో పప్పు పోస్తూనే ఉంది. వద్దంటే, "యాల వద్దు? చిక్కిపోయినావు, పెట్టేవాళ్ళు లేరా?" అని మళ్ళీ పోసింది. తల వంచుకుని తిన్నాను. కళ్ళలో నీళ్ళు వాళ్ళకు కనబడకూడదని.

అప్పుడు మునెమ్మ అడిగింది. "ఈ పక్క పెద్ద రోడ్డు వొస్తాదంట కదప్పా. బ్రోకర్లు కార్లలో తిరగతా ఉండారు. నువ్వు చదువుకున్నదానివి, నీకేమన్నా తెలుసునా?"

ఆ పటాలు అప్పటికి జనం ముందు పెట్టలేదు. తెలియదు అనడమే నా ఉద్యోగం. నోట్లో వాళ్ళ ముద్ద ఉంది.

"తెలుసు" అన్నాను. "ఆ రోడ్డు గీసేవాళ్ళలో నేనూ ఒకదాన్ని."

నంజమ్మ చేతిలో గరిటె ఆగింది. "యాడ వొస్తాది?"

"ఇంకా ఖాయం కాలేదు పెద్దమ్మా. రెండు మూడు రకాలుగా గీశాం. అందులో ఒకటి మీ రెండు పల్లెల మధ్య నుంచి పోతుంది."

"దాటేకి దారి ఇడస్తారా?"

"కింద నుంచి దారి ఉంటుంది. ఇక్కడ కాదు. బస్సులు ఆగే పెద్ద కూడలి ఉంది కదా, గేటు అంటారే, అక్కడ."

"గేటు తావనా?" నంజమ్మ చెల్లెలి వైపు చూసింది. "ఇది అంత దూరము చుట్టుకోని వొచ్చేకి అయితాదా? ఇంగో పదేండ్లు పోతే దీనికీ నా మాదిరే మోకాళ్ళు పోతాయి." తర్వాత నా వైపు తిరిగి, "తిను" అంది.

ఆ తర్వాత ఆవిడ నాతో మాట్లాడలేదు. పళ్ళెంలో పప్పు అయిపోయింది. ఇంకొంచెం వేసుకో అనలేదు. గిన్నె మూత పెట్టేసింది. నా చెప్పు నేనే కుట్టుకున్నాను. వెళ్ళొస్తానంటే నంజమ్మ గోడ వైపు చూస్తూ తలూపింది.

మునెమ్మ మాత్రం బస్సు దాకా వచ్చింది. బస్సు కనబడ్డాక, "నీ నెంబరు ఇయ్యి. ఆ పటాలు చూపిచ్చేటప్పుడు చెప్పు. మేమూ వొచ్చి అడగతాము" అంది. నంబరు చెప్పాను. ఆవిడ చిన్న ఫోనులో నొక్కి పెట్టుకుంది. అక్క కోపం గురించి ఆవిడా అనలేదు, నేనూ అడగలేదు.

సర్జాపుర బస్టాండు

బస్టాండులో బెంచీ మీద కూర్చుని శ్రీధర్ గారికి ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. ఆయన చెడ్డ మనిషి కాదు, ఓపిగ్గా విన్నారు.

"ఎక్కడికక్కడ దారులిస్తూ పోతే అది కారిడార్ అవదు వనజా. మళ్ళీ బండ్లు కదలని మన ఔటర్ రింగ్ రోడ్డే అవుతుంది. ఒక్క ఊరి కోసం సూత్రం మార్చలేం."

"ఒక్క ఊరు కాదండీ. ఇలాంటి బాటలు ఈ గీత మీద ఎన్నున్నాయో మనలో ఎవరికీ తెలియదు. ఇది మన ఫొటోల్లో లేదు. చెట్ల కింద ఉంది."

"సరే, రాసి పంపండి" అన్నారు.

ఫోనులోనే రాశాను. గీత ఖాయం చేసే ముందు జనం రోజూ నడిచే బాటలను మనం నడిచి గుర్తించాలి. బాటను మూయాల్సి వస్తే దాటే చోటును ఆ బాట మీదే ఇవ్వాలి, బండ్లకు వీలైన చోట కాదు.

తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. మొదటి మాట సూత్రాల్లో ఉండిపోయింది. బాటలు గుర్తించడానికి ఇప్పుడు మనుషులు తిరుగుతున్నారు. రెండో మాటకు మాత్రం ముందు "వీలైనంతవరకు" వచ్చి చేరింది. మునెమ్మ నడిచే బాట మా పటంలో చుక్కల గీతగా ఎక్కింది. అక్కడ దారి ఇస్తారో లేదో జనం మాట విన్నాక తేలుస్తారట. ఆ సభకు ఇంకా తేదీ రాలేదు.

తిరుగు బస్సు

సర్జాపుర నుంచి మా ఇంటికి దగ్గరే, పటం మీద. బస్సు బెళ్ళందూరు చేరేసరికి చీకటి పడింది. అక్కడ ఆగిపోయింది. ముందూ వెనకా ఎర్రదీపాలు. నడిచివెళ్ళేవాళ్ళు మమ్మల్ని దాటి పోతున్నారు. డ్రైవరు ఇంజను ఆపేశాడు.

ఫోను మోగింది. కొత్త నంబరు. ఎత్తితే మునెమ్మ గొంతు కాదు.

"నేను నంజమ్మ. ఇల్లు చేరితివా?"

ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాను.

"ఏమప్పా, వినిపిస్తా ఉండాదా? ఇయ్యాల మునెమ్మ ఈడనే పండుకుంటాది. రోడ్డు మాట విన్న కాడినించి ఇంటికి పోనంటాది. నువ్వు ఒక్కదానివే పోతివని బేజారు చేసుకుంటా ఉండాది. నువ్వు చేరినావంటే మేము దీపము ఆర్పుతాము."

కిటికీలోంచి చూశాను. ముందు లారీ కదిలే సూచన లేదు.

"చేరాను పెద్దమ్మా" అన్నాను.

"తింటివా?"

"తిన్నాను."

వెనక నుంచి ఎవడో గట్టిగా హారను కొట్టాడు. "ఏమే అంత గలాట మీ ఇంట్లో?" అంది నంజమ్మ.

"వీధిలో పెద్దమ్మా. మా ఇల్లు రోడ్డు మీదే."

"తలుపేసుకోని పండుకో" అని ఫోను పెట్టేసింది.

పక్క సీట్లో ఆవిడ ఒళ్ళో సంచి సర్దుకుంటూ, "అమ్మనా?" అని కన్నడంలో అడిగింది. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. చెప్పలేదు. బస్సు ఇంకా అక్కడే ఉంది.